గొంతులోతు నీళ్ళలో నీలమ్మ

జానపద సంబరాల పందిరి కిందికి నీళ్ళొస్తున్నాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ చెప్పులు తేలి వెనక వరసలోకి పోతున్నాయి, వెనక వరసవాళ్ళు వాటిని తీసి మర్యాదగా ముందుకు అందిస్తున్నారు, ఒక్కరూ లేవడం లేదు, అందరూ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఖాళీ వేదిక వంక చూస్తున్నారు, మిట్టమధ్యాహ్నమే గాని ఎండ ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు. వేదిక ముందు బల్ల దగ్గర తవిటినాయుడు కూర్చుని ఉన్నాడు. అతనికి ఇందులో వింతేమీ కనిపించడం లేదు, ఎందుకంటే అతని ధ్యాసంతా తన చొక్కా జేబుకున్న బ్యాడ్జీ మీదే ఉంది. దాని మీద 'సమయపాలన' అని ఎర్రటి అక్షరాలున్నాయి. బల్ల మీద ఇత్తడి గంట, దాని పక్కన ముళ్ళు లేని గడియారం ఉన్నాయి, ముళ్ళు లేని గడియారం చూసి ఎనిమిది నిమిషాలు కొలవడం ఇప్పుడతనికి చాలా సులువుగా ఉంది.

ఒక్కో బృందానికి ఎనిమిది నిమిషాలంటే ఎనిమిదే. తెల్లవార్లూ చెప్పే కథైనా సరే, మూడు రోజులాడే ఆటైనా సరే, అందులో ఇమిడి దిగిపోవాలని సంబరాల కార్యదర్శి గారి ఆజ్ఞ. గంట ఎవరి చేతికివ్వాలా అని వెతికి వెతికి, కళ తెలిసిన మనిషైతేనే బాగుంటుందని నాయుడి చేతికిచ్చారు.

కళ తెలిసిన మాట అబద్ధం కాదు. నాయుడిది కరెంటు లైన్‌మన్ ఉద్యోగం, స్తంభాలెక్కి దిగడంతోనే ముప్పై ఏళ్ళు గడిచిపోయి రిటైరయ్యాడు, కానీ ప్రాణం మాత్రం ఎప్పుడూ జముకుల కథ మీదే ఉండేది. జముకు అంటే చంకలో ఇరికించుకునే వాయిద్యం, ఒక పక్క తోలు, ఆ తోలుకి బిగించిన నరం, మీటితే కడుపులో కదిలేటట్టు జుమ్మంటుంది. ఆ మోత ఏ ఊళ్ళో ఉందని తెలిస్తే ఆ ఊరికి సైకిలు వెనక టేపురికార్డరు కట్టుకుని పోయేవాడు. "నాను పిలిస్తే పలకరు గాని, అది జుమ్మంటే సెప్పులేసుకోకండా పరిగెడతారు" అని భార్య దెప్పేది. అందులోనూ కెల్ల ఆదెమ్మ కథంటే పడి చచ్చేవాడు. మగవాళ్ళే కథ చెప్పే రోజుల్లో కాళ్ళకి గజ్జె కట్టి ముందుకొచ్చిన ఆడమనిషి ఆమె, ఆమె చెప్పే నీలమ్మ కథని ముప్పై ఒక్కసార్లు విన్నాడు, ముప్పై ఒక్క క్యాసెట్లు ఇంట్లో బీరువాలో ఉన్నాయి.

పందిరి చివర, నీళ్ళలోంచి, గజ్జెల చప్పుడు వస్తోంది.

తవిటినాయుడు తలెత్తుతాడు. ఆదెమ్మ నడిచొస్తోంది. అదే పసుపచ్చ చీర, నడుముకి బిగించిన అదే ఎర్ర గుడ్డ, మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నా చీర కుచ్చెళ్ళు తడవడం లేదు, నీటి కింద మోగాల్సిన గజ్జెలు గట్టునే మోగినట్టు ఖంగున మోగుతున్నాయి. ఆదెమ్మ పోయి ఏడాది కావస్తోంది, ఆ సంగతి అతనికి తెలుసు, కలలో కూడా తెలుసు.

ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడి బ్యాడ్జీని ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువుతుంది. చదువు రాని మనిషి ఎలా చదువుతోందని అతనికి తట్టదు.

"ఏటి బావుగారూ, కులాసానా?"

ఆ పిలుపుకే సగం చచ్చిపోతాడు. పాతికేళ్ళుగా ఆమె అతన్ని తమ్ముడా అనే పిలిచింది, ఒక్కనాడూ పరాయి పెద్దమనిషిని పిలిచినట్టు బావుగారూ అనలేదు.

"ఆదెమ్మప్పా! నువ్వు... నువ్వు పోనావు గదప్పా!"

"పోనాను. మనిసన్నాక పోదేటి? నా గురించి నాను రానేదు. అది ఇంకా నీటిలోనే ఉన్నాది బావూ. దాని గురించి ఒచ్చినాను."

"ఎవులు?"

"ఎవులేటి! నీలమ్మ."

నాయుడు నవ్వబోయి ఆగిపోతాడు, ఎందుకంటే ఆదెమ్మ వేలు చూపించిన వైపు పందిరి లేదు, వేదిక లేదు, కుర్చీలూ జనమూ వేరుశనగ తొక్కలూ అన్నీ కొట్టుకుపోయి అక్కడ ఒక ఏరు పారుతోంది, ఇటు గట్టున అతని బల్ల, అటు గట్టు మంచులో ఉందో పొగలో ఉందో కంటికి ఆనడం లేదు, నడి ఏట్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. గొంతు దాకా నీళ్ళున్నాయి. నెత్తిన కుండ ఉంది. కుండని పట్టుకున్న చేతివేళ్ళు నానీ నానీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కుండలోంచి పచ్చటి మొలకలు పొంగుకొచ్చి ఆమె చెవుల మీదికి, కళ్ళ మీదికి వేలాడుతున్నాయి.

నీలమ్మ కథ విన్నవాడికి ఆ కుండేమిటో వేరే చెప్పక్కర్లేదు. పుట్టినూళ్ళో కరువొచ్చి, విత్తనానికి దాచిన చోడి గింజలు కూడా అంబలి కాచుకుని తాగేశారని తెలిసి, నీలమ్మ అత్తింటివాళ్ళనడిగి కుండెడు విత్తు నెత్తినెత్తుకుని ఏరు దాటడానికి దిగుతుంది. అడుగు వేసినకొద్దీ ఏరు పెరుగుతుంది. పాదాల నీరు, మోకాటి నీరు, నడుం నీరు, రొమ్ము నీరు, గొంతు నీరు. గొంతు నీటిలో ఏరు అడుగుతుంది, విత్తు ఇస్తావా ప్రాణం ఇస్తావా అని. నీలమ్మ రెండూ ఇవ్వకుండా ఒడ్డెక్కుతుంది, ఎలా ఎక్కుతుందో వినడానికే జనం తెల్లవార్లూ కూర్చుంటారు.

"మొలకలొచ్చీసినాయి సూడు" అంటుంది ఆదెమ్మ. "ఏడాది తడిలో ఉంటే రావేటి? ఇంకొన్నాలుంటే ఆ విత్తు ఎందుకూ పనికి రాదు. ఊరు అలగే పస్తుంటాది."

కథలో మనిషి ఇలా నీళ్ళలో నానుతుందని, ఆమెకి చలేస్తుందని నాయుడు ఏనాడూ అనుకోలేదు. ఆమె పెదాలు వణకడం ఈ గట్టు నుంచే కనిపిస్తోంది.

"ఎందుకలగ నిల్సుండిపోనాదప్పా?" అని అడుగుతాడు, జవాబు తెలిసీ.

"గంట కొట్టినావు గదా" అంటుంది ఆదెమ్మ. తిట్టినట్టుగా కూడా అనదు.

కొట్టాడు. నిరుడు ఇదే సంబరాల్లో, ఇదే బల్ల దగ్గర. తెల్లవార్లూ చెప్పే కథని ఎలా కుదించాలో తెలియక ఆదెమ్మ తిన్నగా ఏరు దాటే ఘట్టం ఎత్తుకుంది, రొమ్ము నీరు దాటించి గొంతు నీటిలో దించింది, అప్పుడు గడియారంలో ఎనిమిది నిమిషాలు నిండాయి. వేరే బృందమైతే నాయుడు ఇంకో నిమిషం చూసీ చూడనట్టు ఊరుకునేవాడే. కానీ ఆదెమ్మ అతని మనిషని పది మందికీ తెలుసు, పక్షపాతం చూపించాడంటారని భయం, దానికి తోడు బ్యాడ్జీ. ఒకసారి కొట్టాడు. ఆమె పాడుతూనే అతని వైపు చూసింది. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టాడు. కంచే చేను మేసిందంటే ఇదే. ఊరూ పేరూ లేనివాడు కొడితే తెలియక కొట్టాడనుకోవచ్చు, ఆ పందిట్లో అందరికంటే బాగా తెలిసినవాడే కొట్టాడు.

ఏం తెలుసంటే, నీటిలో దించిన మనిషిని ఒడ్డు చేర్చకుండా ఈ కథ చెప్పేవాళ్ళు ఆపరు. ఒడ్డెక్కించి, మంగళం పాడి, అప్పుడే కాలి గజ్జె విప్పుతారు. ఒకసారి వడగళ్ళ వాన పడితే ఆదెమ్మ పశువుల సాలలోకి దూరి, ఆవుల మధ్య నిలబడి నీలమ్మని గట్టెక్కించింది, జనం చూరు కింద తడుస్తూ విన్నారు, ఆ క్యాసెట్లో ఆవు అంబా అనడం కూడా ఉంది. అది రికార్డు చేసింది ఈ నాయుడే.

అప్పుడు అతని చూపు ఆమె కాళ్ళ మీద పడుతుంది.

"అప్పా, గజ్జెలు ఇంకా ఇప్పనేదేటి?"

"ఎలగ ఇప్పుతాను? మంగలం కానేదు గదా."

"ఆ రోజు నుంచా?"

"ఆ రోజు నుంచే. బస్సులో ఎల్తుంటే జనం నవ్వినారు. ఇంటికాడ అయిదు వారాలు అలగే తొంగున్నాను. జొరమొచ్చినప్పుడు మా ఎర్ని ఇప్పుతానంటే దాని సెయ్యి మీద కొట్టినాను. వాటితోనే నన్ను కాటికి అట్టుకెల్నారు."

నాయుడు బల్ల అంచు పట్టుకుంటాడు. ఎర్ని అంటే ఎర్నమ్మ, ఆదెమ్మ కూతురు. మొన్ననే ఫోను చేసింది. "మావయ్యా, ఈయేడు సంబరాల్లో అమ్మ కత నానే సెప్తాను. అమ్మ గజ్జెలు నేవు, కొత్తవి కొన్నాను" అంది. గజ్జెలు ఎందుకు లేవో అతను అడగలేదు. పాత సామాను కదా, ఎక్కడో పోయి ఉంటాయనుకుని ఊరుకున్నాడు. ఇప్పుడా మాట గుండె మీద బండలా పడుతుంది, ఊపిరి తీసుకుంటే లోపలికి నీళ్ళు పోతున్నట్టుంది.

"గంట కొట్టినావు, సరే" అంటుంది ఆదెమ్మ. బల్ల మీది గంటని చేతిలోకి తీసుకుని, కూరగాయని చూసినట్టు తిప్పి చూస్తోంది. "బల్ల ఎనకాల కూకోబెట్టినారు, కొట్టమన్నారు, కొట్టినావు. నాను దిగినాక ఒక్క మాట మాటాడ్నావేటి? ఆ రోడ్డు మీద టీ కొట్టు కాడ కూకున్నాను. మా ఊరి బస్సులు మూడు ఒగ్గీసినాను బావూ. మా తమ్ముడు ఒత్తాడు, ఏటప్పా అంటాడు, పోన్లే అనీసి నానంటాను, అప్పుడెల్దామనుకున్నాను."

మూడు బస్సులు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ వేళ అతను బల్ల దగ్గరే కూర్చుని మిగిలిన పదహారు బృందాలకీ గంట కొట్టాడు, కార్యదర్శి గారు భుజం తట్టి శాలువా కప్పితే కప్పించుకున్నాడు. అయిదు వారాల తర్వాత కబురొస్తే దినానికి కూడా వెళ్ళలేదు, నడుం నొప్పని చెప్పాడు. నడుం నొప్పి కాదు, మొహం చెల్లక. ఈ ముక్క కట్టుకున్నదానికి కూడా చెప్పుకోలేదు, ఏడాదిగా ఒక్కడే మింగుతూ కూర్చున్నాడు.

"సిగ్గేసినాదప్పా. నీ మొకం సూడ్నేకపోనాను."

"సిగ్గు తరవాత పడుదువు గాని, ముందు దాన్ని ఒడ్డుకి లాగు."

"నానా? నాకు పాటొస్తాదేటి? నువ్వే పాడప్పా. ఇక్కడే ఉన్నావు గదా, నువ్వే పాడి లాగీ."

"సచ్చినోల్ల పాట ఏరు దాటదు బావూ. పాడి పాడి సూసినాను. బతికినోడు పాడాల. కతంతా ముప్పయ్యొక్కసారి ఇన్నావు, క్యాసెట్లన్నీ నీ కాడే ఉన్నాయి. మంగలం ఒక్కటే కావాల. మంగలం పాడితే ఏరు దిగుతాది."

క్యాసెట్లనగానే అతని ఇంట్లో ఉండాల్సిన బీరువా ఏటి గట్టున ఇసకలో నిలబడి ఉంటుంది, తలుపు తీస్తే వరసగా ముప్పై ఒక్కటీ ఉన్నాయి, ఊరి పేరు, తేదీ, అన్నీ తన చేతిరాతే. నాయుడికి ప్రాణం లేచొస్తుంది. మొదటిది టేపురికార్డరులో పెట్టి చివరికి తిప్పుతాడు. ఆదెమ్మ గొంతు, జముకు మోత, నీలమ్మ ఒడ్డున కాలు పెట్టబోతుంది, జనం హోరుమంటారు, టక్కుమని ఆగిపోతుంది. రెండోది పెడతాడు. కాలు పెట్టబోతుంది, టక్కు. మూడోది, నాలుగోది, ఆవు అంబా అన్నది, వరసగా పెట్టుకుంటూ పోతాడు, రిబ్బను చిక్కుపడుతుంది, వేలితో చుట్టి మళ్ళీ పెడతాడు, ప్రతిదీ అక్కడే టక్కుమంటుంది. ముప్పై ఒకటో క్యాసెట్టూ అక్కడే ఆగిపోతుంది.

ఒక్కదాంట్లోనూ మంగళం లేదు. ఈ క్యాసెట్ల కోసమే కదా ఎర్నమ్మ ఫోను చేసింది. "మంగలం ఒక్కటే రాదు మావయ్యా. సిన్నప్పుడు ఆ ఏలకి నిద్దరోయీదాన్ని. జముకు మీటే పెద్దాయనకి దరువు తెలుసు గాని మాట తెల్దు. నీ క్యాసెట్లలో ఉంటాది గదా?" అంటే, ఎందుకుండదు, చూస్తానన్నాడు. చూడలేదు. ఆ గొంతు వినే ధైర్యం లేక బీరువా తాళమే తీయలేదు.

"ఎలగప్పా? ఇన్నిటిలో ఒక్కదాన్లో కూడా ఎలగ నేకపోనాది?"

ఆదెమ్మ నవ్వుతుంది. ఇందాకటి నుంచి ఇదే మొదటి నవ్వు, పై వరసలో పోయిన పన్ను కనిపిస్తుంది. "కరెంటు తీసీవోడివి నువ్వే గదా!"

నిజమే. కథ చెప్పించుకునే వీధుల్లో మైకుకి మీటరెక్కడిది? లైన్‌మన్ అభిమానం లైన్‌మన్ లాగే ఉంటుంది, పొద్దుగూకాక స్తంభమెక్కి తీగకి కొక్కెం తగిలించి మైకుకీ టేపురికార్డరుకీ అతనే కరెంటిచ్చేవాడు. తెల్లారితే పై ఆఫీసరు జీపు తిరుగుతుంది. అందుకని తూర్పు తెలుపెక్కే వేళకి, నీలమ్మ ఒడ్డు చేరే వేళకి, అంటే సరిగ్గా మంగళం వేళకి, ప్రతిసారీ స్తంభమెక్కి కొక్కెం తీసేసేవాడు. కొక్కెం తీయగానే మైకు చచ్చిపోయేది, టేపూ చచ్చిపోయేది. ఆదెమ్మ పాటకి తనంత వీరాభిమాని లేడని చెప్పుకుంటూ, పాతికేళ్ళ పాటు ఆమె చివరి పాటని తన చేత్తోనే ఆర్పేశాడు, ఆ సంగతి అతనికి ఈ క్షణం దాకా తెలియలేదు. నిరుడు కొట్టిన గంట మొదటిది కానే కాదు.

"మైకు పోయినాక ఉత్త గొంతుతోనే పాడుకునీదాన్ని" అంటోంది ఆదెమ్మ. "జనం అప్పటికే లేచి సాపలు దులుపుకునీవోరు. పిల్లలు ఏడిసీవోరు. ఒక్కలూ ఇన్నేదు."

"మరైతే పోనట్టేనేటప్పా? ఎవులికీ రాదా?"

"ఒక్కలూ ఇన్నేదన్నాను గాని, కిందన. పైనొకడుండీవోడు గదా."

ఆమె తల ఎత్తిన వైపు చూస్తే ఏట్లోంచి ఒక కరెంటు స్తంభం లేచి ఉంది. నడి ఏట్లో, నీలమ్మకి నాలుగడుగుల దూరంలో. నాయుడు వెళతాడు, నీళ్ళలో నడిచాడో గట్టునే నడిచాడో తెలియదు, అరవై దాటిన ఒళ్ళని మరిచి పాదాలు స్తంభానికి చుట్టి పైకి పాకుతాడు, పాకినకొద్దీ స్తంభం పొడవవుతుంది, కింద నీలమ్మ కుండ పచ్చటి చుక్కయిపోతుంది. పైకి చేరి చూస్తే అతని చేతిలో కటింగ్ ప్లయరు ఉంది. అవతల కళ్ళం కనిపిస్తోంది, దులుపుతున్న చాపలు, ఆరిపోయిన మైకు ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డ పాతికేళ్ళ కిందటి ఆదెమ్మ, పక్క వీధిలో ఎవరో పొయ్యి ముట్టించిన పొగ. ఒక్కసారిగా అతనికి గుర్తొస్తుంది. కొక్కెం తీసేశాక అతను వెంటనే దిగేవాడు కాదు. ఎందుకు దిగేవాడు కాదో ఎప్పుడూ ఆలోచించలేదు, అలా స్తంభానికి కరుచుకుని, కింద ఉత్త గొంతు ఆగేదాకా పైనే కూర్చునేవాడు. ముప్పై ఒక్కసార్లూ కూర్చున్నాడు.

నోరు తెరుస్తాడు. వచ్చేది పాట కాదు, కప్ప కూత. కానీ ఆ కూతలోనే వరస ఉంది, మాట ఉంది, ఎక్కడ లాగాలో ఎక్కడ దించాలో ఉంది.

"మంగలం మంగలం తడిసిన పాదాలకి..."

నీళ్ళు నీలమ్మ గొంతు దిగుతాయి. ఆమె తలెత్తి పైకి చూస్తుంది, మొలకల వెనక ఆ కళ్ళు చూసి అతనికి ఏడుపొస్తుంది. ఒక అడుగు వేస్తుంది.

"మంగలం మంగలం తడవని విత్తుకి..."

నడుం నీరు. మోకాటి నీరు. అటు గట్టు మంచులోంచి బయటికొస్తోంది, గట్టు మీద జనం ఉన్నారు, బక్కచిక్కిన జనం, కాళ్ళు నొప్పులెట్టినా కూర్చోకుండా ఏడాదిగా నిలబడి ఎదురుచూస్తున్నవాళ్ళు.

నాయుడు ఆనందంతో కిందికి చూస్తాడు. ఇవతలి గట్టున బల్ల వెనక ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చొక్కాకి బ్యాడ్జీ ఉంది. ఆ మనిషి తనే. పైనున్న నాయుడు పాడుతుంటే కిందున్న నాయుడు గడియారం చూస్తున్నాడు, తల పంకిస్తున్నాడు, గంట మీదికి చెయ్యి చాస్తున్నాడు. వద్దని అరుద్దామంటే గొంతులో పాట ఉంది, పాట ఆపితే నీళ్ళు లేస్తాయి. అతని జన్మలో ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు, పదకొండు వేల వోల్టుల తీగ పక్కన కూడా వెయ్యలేదు.

గంట అక్కడ లేదు. అది ఆదెమ్మ చేతిలోనే ఉంది. ఆమె తాపీగా నడుముకున్న ఎర్ర గుడ్డ అంచు చింపి, గంట లోపలి నాలుకకి ఆ పీలికని చుట్టి, రెండు మెలికలు తిప్పి, పంటితో లాగి ముడి వేస్తోంది. వేసి తెచ్చి బల్ల మీద పెడుతుంది. కిందున్న నాయుడు గంట ఎత్తి ఊపుతాడు, మళ్ళీ ఊపుతాడు, ఎంత ఊపినా చప్పుడు లేదు.

ఆ ముడి పైనుంచే గుర్తుపట్టాడు. లాగినకొద్దీ బిగిసే ముడి, తెగిన తీగకి తీగ కలిపేటప్పుడు లైన్‌మన్లు వేసేది, బయటివాళ్ళకి చేతకాదు. పాట పాడుతూనే ఎలా అడిగాడో, అడిగాడు.

"ఆ ముడి నీకెవులు నేర్పినారప్పా?"

"నువ్వే" అంటుంది ఆదెమ్మ, కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టుకుని స్తంభం పైకి చూస్తూ. "నువ్వు పైనుండి నా పాట ఇన్నావు. నాను మంగలం పాడుతూ కిందనుండి నీ సేతులే సూసీదాన్ని. పడిపోతావేమో అనీసి బయంగుండీది తమ్ముడా."

తమ్ముడా అంది.

నాయుడికి కళ్ళు కనిపించవు. కన్నీళ్ళలోనే మూడో వరస పాడతాడు, "మంగలం మంగలం పస్తున్న ఊరికి" అని, పాదాల నీరు, నీలమ్మ ఒక కాలు ఎత్తి గట్టు మీద పెట్టబోతోంది, ఎవరో అటునుంచి చేతులు చాచి కుండ అందుకుంటున్నారు, ఇవతల ఆదెమ్మ బల్ల మీద కూర్చుని కాలు పైకి మడిచి గజ్జె ముడి మీద చెయ్యేసింది, ఇంకొక్క వరస ఉంది, ఆఖరిది, అది కూడా వచ్చు, ఇంతసేపూ వచ్చు,

"మంగలం మంగలం మేలుకున్నోలికి..."

"బావూ! సంబరాల కాడ దిగాలన్నారు గదా, దిగండి మరి!"

కండక్టరు భుజం కుదుపుతున్నాడు. తవిటినాయుడు కళ్ళు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది, చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది, ముందు సీటు కమ్మీని రెండు చేతులా స్తంభాన్ని పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఏటో పాడతన్నారు బావూ, మా సెడ్డగుంది" అంది మొహమాటం లేకుండా. కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల టీ కొట్టు, కొట్టు బల్ల మీద ఒళ్ళో జముకు పెట్టుకుని కూర్చున్న ఎర్నమ్మ, కొత్త గజ్జెలు ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నాయి, వచ్చిన ప్రతి బస్సు కిటికీల వంకా మెడ సాచి చూస్తోంది.

నాయుడు గబగబా ఒళ్ళోని సంచి తెరిచాడు. బ్యాడ్జీ ఉంది. దాని కింద, ఈయేడు కూడా అతనికే అప్పగించిన గంట ఉంది. పొద్దున్న ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు, బస్సులో గణగణమంటే నలుగురూ తిరిగి చూస్తారని, పాత రుమాలు చింపి గంట నాలుకకి తనే చుట్టి కట్టాడు, తొందరలో చేతికి అలవాటైన ముడే వేశాడు. ఇప్పుడు ఒక్కసారి గోటితో గుంజి చూశాడు. లాగేసరికి అది ఇంకాస్త బిగిసింది.

రెండోసారి గుంజలేదు. గంటని అలాగే సంచిలో పెట్టుకుని, ఆఖరి వరస మరిచిపోకుండా పెదాల మీదే అనుకుంటూ, తవిటినాయుడు బస్సు దిగాడు.